ఇంజను ఫోటో మీద కొత్త బొట్టు

తాను వేసిన తాళాన్ని తానే తీయడానికి ఇన్‌స్పెక్టర్ నరసింహమూర్తి పొద్దున్నంతా బతిమాలించుకున్నాడు.

బతిమాలినవాడు డిటెక్టివ్ పార్థసారథి. సుల్తాన్‌బజారులో మేడమీద ఒక గది, ఒక బల్ల, ఒక టెలిఫోను అతని ఆఫీసు. ఆమధ్య ఒక నగల కేసులో నరసింహమూర్తి పట్టుకున్నవాణ్ణి విడిపించి, అసలు దొంగను తెచ్చి అప్పగించాడు. పేపర్లవాళ్ళు ఆ సంగతికి కాస్త ఉప్పూ కారం చేర్చి రాశారు. అప్పట్నించీ పార్థసారథి పేరు వింటే ఇన్‌స్పెక్టరుగారికి అన్నం సయించదు.

ఇద్దరూ ఇప్పుడు లింగంపల్లి స్టేషను వెనక వీధిలో, రిటైరైన ఇంజను డ్రైవరు రామబ్రహ్మం ఇంటి వసారాలో ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. రామబ్రహ్మం శుక్రవారం సాయంత్రం షికారుకని బయల్దేరి ఇంటికి తిరిగి రాలేదు. ఆదివారం పొద్దున పుప్పాలగూడ దగ్గర పాడుబడ్డ రాళ్ళ క్వారీలో, నీళ్ళమీద తేలాడు. తలకు వెనకనించి దెబ్బ తగిలింది. ఇవాళ సోమవారం. శవం ఇంకా పట్నంలో పోస్టుమార్టం గదిలోనే ఉంది.

ఆయనతో కలిసి షికారుకు వెళ్ళిన మొగిలి ఠాణాలో ఉన్నాడు. మొగిలి ఆయన దగ్గర ఫైర్‌మన్‌గా ఇంజనులో బొగ్గు వేసినవాడు, రిటైరయ్యాక కూడా ఆయన వెంటే తిరిగినవాడు. శనివారం తెల్లారుతూనే హఫీజ్‌పేట దగ్గర పట్టాల పక్కన, తల పగిలి, తెలివి తప్పి పడివుంటే గ్యాంగ్‌మన్లు చూశారు. తెలివి వచ్చాక ఏం జరిగిందని ఎన్నిసార్లు అడిగినా గుర్తు లేదంటున్నాడు. ఇన్‌స్పెక్టరు లెక్కలో అంతకంటే రుజువు అక్కర్లేదు. హఫీజ్‌పేటలో ఇద్దరి పేర్లతో కలిపి కొన్న పొలం ఉంది, దాని దగ్గర తగాదా వచ్చింది, కొట్టుకున్నారు, ఒకడు చచ్చాడు. సాయంత్రంలోగా మొగిలిని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఒకసారి జైలుకు పంపితే ఆ బీదవాడికి బెయిలు ఇప్పించే నాథుడు లేడు, ఆ తర్వాత ఉరికంబమే.

మొగిలి భార్య నీలమ్మ గేటు పక్కన నేలమీద కూర్చుని ఉంది. పార్థసారథిని ఈ కేసులోకి లాక్కొచ్చింది ఆవిడే. సికింద్రాబాదు రైల్వే క్వార్టర్లలో ఎవరో ఆయన పేరు చెబితే, నిన్న మధ్యాహ్నం సుల్తాన్‌బజారుకు వచ్చి మెట్లమీద కూర్చుంది. లోపలికి రమ్మంటే రాలేదు. తన మొగుడు చీమనైనా తొక్కి ఎరగడని, డ్రైవర్ సాబ్‌ను దేవుడి లెక్క చూసేవాడని చెప్పింది.

"మీరు తప్పిపోయిన కుక్కల్ని వెతుక్కోండి పార్థసారథిగారూ. ఇది హత్య," అన్నాడు నరసింహమూర్తి.

"కుక్కల కేసులో తొందరపడితే ఎవరి మెడకూ ఉరి పడదండీ. అందుకే అవంటే నాకిష్టం," అన్నాడు పార్థసారథి.

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ముందుగది తెరిచి చూపించాలి. అందులో పార్థసారథికి పనికొచ్చేది ఏదీ దొరక్కపోతే వచ్చిన దారినే వెళ్ళిపోవాలి, మళ్ళీ ఈ కేసు ఊసెత్తకూడదు. ఇన్‌స్పెక్టరుకు ఈ బేరం బాగానే ఉందనిపించింది. ఆ గదిలో ఏమీ లేదని ఆయనకు గట్టి నమ్మకం.

మొగిలి తల పగిలి దొరికేసరికి ఇది పొలం తగాదా అనుకుని, పొలం కాగితాలు ఆ గది బీరువాలో ఉన్నాయని, వాటిని ఎవరూ ముట్టుకోకుండా శనివారం పొద్దునే ఆయన గదికి తాళం వేసి, గుడ్డ చుట్టి లక్క సీలు కొట్టాడు. అప్పటికి రామబ్రహ్మం చనిపోయిన సంగతి లోకానికి తెలీదు. ఆయన భార్య పుణ్యవతి, భర్త రాత్రి ఇంటికి రాలేదని ఫిర్యాదు ఇచ్చిందంతే. సీలు ఇప్పుడు కూడా చెక్కు చెదరకుండా ఉంది. హెడ్ కానిస్టేబుల్ రాజయ్య దాన్ని పగలగొట్టి తలుపు తోశాడు.

"చూసుకోండి. ఈగ కూడా దూరలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

కిటికీ మూసివుండటం వల్ల గది మసకగా ఉంది. ఒక బీరువా, రెండు పేము కుర్చీలు, ఎదురు గోడకు ఒక పెద్ద ఫోటో ఉన్నాయి. ఇతరుల ఇళ్ళల్లో వెంకటేశ్వరస్వామి ఉండే చోట ఈ ఇంట్లో ఆవిరి ఇంజను ఉంది. నైజాం రైల్వే కాలం నాటి ఇంజను అది. దసరా నాడు షెడ్డులో తీసిన ఫోటో. ఇంజనుకు అరటి పిలకలు కట్టారు, మామిడాకుల తోరణాలు కట్టారు, పొగగొట్టానికి బంతిపూల దండ వేశారు. పెద్ద చక్రం మీద చెయ్యి వేసి కుర్ర రామబ్రహ్మం పెళ్ళికొడుకులా నిలబడ్డాడు. పైన డ్రైవరు నిలబడే చోట, రేకు కప్పు నీడలో, పార పట్టుకున్న మొగిలి సగం కనిపిస్తాడు, సగం కనపడడు.

రిటైరైన ఏడు సికింద్రాబాదు స్టూడియోలో దాన్ని తలుపంత చేయించి, టేకు ఫ్రేము కట్టించాడట రామబ్రహ్మం. ఎవరొచ్చినా ముందు ఆ పటం చూపించి తర్వాతే కాఫీ ఇచ్చేవాడట. ఇంజను ఇంత పెరిగింది గానీ మా మొగిలి మాత్రం ఎదగలేదని వేళాకోళం చేసేవాడట. ఈ సంగతులన్నీ నీలమ్మ దారిలో చెప్పింది. షెడ్డులో పని మానేసినా దసరా మానలేదు ఆయన. ఏటా ఆయుధపూజ నాడు స్నానం చేసి, పటంలోని ఇంజను ముందున్న గుండ్రటి తలుపుకు పసుపు రాసి కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టేవాడు. దసరా వెళ్ళి ఎన్నాళ్ళో కాలేదు. ఫ్రేముకు చుట్టిన బంతిపూలు వాడి ఇంకా అక్కడే ఉన్నాయి.

పార్థసారథి బీరువా వైపు కన్నెత్తి చూడలేదు. పటం కింద ఒక ముక్కాలి పీట ఉంది. దానిమీద ఎక్కి, అద్దానికి ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు. చాలాసేపు కిందికి దిగలేదు.

"ఇన్‌స్పెక్టరుగారూ, శనివారం తాళం వేసేటప్పుడు ఈ పటం సరిగ్గా ఇలాగే ఉందా?"

"ఇలాగే ఉంది. ఈ పీట కూడా అక్కడే ఉంది. నా సీలు మీదే అనుమానమా?"

"అనుమానం కాదండీ. మీ సీలే నాకు సాక్షి. ఒకసారి ఇలా ఎక్కి చూడండి."

ఇన్‌స్పెక్టరు అయిష్టంగా పీట ఎక్కాడు. ఇంజను మీద ఉన్న కుంకుమ ఎండి పొడిపొడిగా రాలుతోంది. దాని కింద పసుపు పెచ్చులు కట్టింది. అది దసరా బొట్టు. కానీ చక్రం పక్కన నిలబడ్డ రామబ్రహ్మం నుదుటి మీద ఇంకో బొట్టు ఉంది. దానికి పసుపు లేదు. తడి వేలితో అద్దిన కుంకుమ, ఎర్రగా, తాజాగా ఉంది. తడి ఎక్కువై అద్దం మీద సన్నటి చార కూడా దిగింది.

నరసింహమూర్తి కిందికి దిగి రుమాలుతో చేతులు తుడుచుకున్నాడు. ఆడవాళ్ళు పూజ హడావిడిలో ఎక్కడ పడితే అక్కడ బొట్టు పెడతారని, అదొక సాక్ష్యమా అని కొట్టిపారేయబోయాడు. ఆ మాట అంటున్నప్పుడే ఆయన గొంతులో బలం తగ్గింది. ఆయనా పెళ్ళాం బిడ్డలు గలవాడే. పార్థసారథి ఆయనతో వాదించకుండా రాజయ్య వైపు తిరిగాడు. నీ ఫోటో ఇంట్లో గోడకు ఉందా అని అడిగాడు. ఉందన్నాడు రాజయ్య. పండగ నాడు మీ ఆవిడ దానికి బొట్టు పెడుతుందా అని అడిగాడు.

రాజయ్య ముఖం మాడిపోయింది. "గట్లెందుకు పెడ్తది సార్? నేను సచ్చినంక పెడ్తది."

ఇన్‌స్పెక్టరు మళ్ళీ పటం వైపు చూశాడు.

శుక్రవారం సాయంత్రం రామబ్రహ్మం గడప దాటాడు. శనివారం పొద్దున ఈ గదికి తాళం పడింది. ఆదివారం శవం దొరికింది. అంటే శవం దొరక్క ముందే, ఊరంతా ఆయన ఏ చుట్టాలింటికో పోయాడనుకుంటున్నప్పుడే, ఆయన ఇక లేడని తెలిసిన మనిషి ఒకరు ఈ పీట ఎక్కి ఆ బొట్టు పెట్టారు. ఆ సమయానికి మొగిలి హఫీజ్‌పేటలో పట్టాల పక్కన తెలివి లేకుండా పడివున్నాడు. అక్కణ్ణించి తిన్నగా ఠాణాకు వచ్చాడు. ఆ కబురు ఎవరికీ చెప్పే స్థితి అతనిది కాదు. పార్థసారథి ఇదంతా గొంతు పెంచకుండా, బడిపంతులు లెక్క చెప్పినట్టు చెప్పాడు. రేపు కోర్టులో డిఫెన్సు లాయరు మొదటి సాక్షిగా మిమ్మల్నే పిలుస్తాడని కూడా చెప్పాడు.

ఆ చివరి మాట బాగా పని చేసింది. నరసింహమూర్తి చెడ్డవాడు కాదు, కాస్త తొందర మనిషి. ఇప్పుడా తొందర ఇంకో దిక్కుకు మళ్ళింది.

"అయితే ఆ రాత్రి ఇంట్లో ఉన్నది ఆవిడ ఒక్కతే. ఆవిడ తమ్ముడు బుల్లిబాబు వికారాబాదులో ఉన్నాడు. శనివారం మధ్యాహ్నం బండి దిగడం నేనే స్టేషనులో కళ్ళారా చూశాను. అంటే పుణ్యవతే..."

"ఆవిడ ఎత్తు చూశారా? పీట ఎక్కితే గానీ ఆయన నుదురు అందలేదు. ఆరడుగుల మగవాణ్ణి క్వారీదాకా మోసిందంటారా? ఆవిడ చంపలేదు. ఆవిడకు ఎవరో చెప్పారు. ఆ చెప్పినవాడు మనకు కావాలి."

ముందుగదిలో ఈ మాటలు గేటుదాకా వినపడుతూనే ఉన్నాయి. నీలమ్మ లేచి నిలబడింది. పెరట్లోంచి బుల్లిబాబు కూడా వచ్చాడు. పుణ్యవతికి ఒక్కగానొక్క తమ్ముడు. తల్లి పోతే అక్కే పెంచింది. రోడ్లకు కంకర తోలే కాంట్రాక్టులు చేస్తాడు, బావమరిదిగా ఈ ఇంట్లోనే మకాం. తెల్లని లాల్చీ, వినయం, మాటమాటకీ అండి. పార్థసారథి పొద్దున అతన్ని ప్రశ్నలు అడిగి చూశాడు. వికారాబాదులో ఎవరెవర్ని కలిసిందీ తడుముకోకుండా చెప్పాడు. బావ పేరు ఎత్తినప్పుడల్లా కళ్ళు ఒత్తుకున్నాడు. తాళం పడ్డాకే ఊళ్ళోకి వచ్చినవాడు కాబట్టి, బొట్టు సంగతి తేలేసరికి అతని మీద అనుమానం దానంతటదే పోయింది.

నరసింహమూర్తి వసారాలోకి వచ్చి ఒక చీటీ రాసి రాజయ్య చేతికిచ్చాడు. మొగిలిని ఇంటికి పంపండి, పిలిస్తే రావాలి అని అందులో ఉంది. నీలమ్మకు ఆ సంగతి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక పార్థసారథి కాళ్ళ మీద పడబోయింది. ఆయన వెనక్కి జరిగాడు.

"ఇగ ఇంటికొస్తడా సారూ? నిజంగనే ఇడుస్తరా?"

"వస్తాడమ్మా. ఈ పూట మీ ఇంట్లోనే తింటాడు."

ఈ మాట చెప్పేటప్పుడు పార్థసారథికి లోపల కాస్త గర్వంగానే ఉంది. దాచుకోవలసిన అవసరం కూడా కనపడలేదు. బుల్లిబాబు ముందుకు వచ్చి, పాపం దెబ్బ తగిలిన మనిషి ఎలా నడుస్తాడండీ, నా జీపు ఉంది కదా, నేను దింపుతానండీ అన్నాడు. రాజయ్య, నీలమ్మ జీపు ఎక్కారు. జీపు వీధి మలుపు తిరిగింది.

సాక్ష్యం కింద పటాన్ని ఠాణాకు తీసుకుపోవాలన్నాడు ఇన్‌స్పెక్టరు. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని దించారు. దాని బరువు చూసి ఇన్‌స్పెక్టరు, బతికున్నప్పుడు ఇంజను నడిపి చాలక గోడకు కూడా ఎక్కించాడు మహానుభావుడని గొణిగాడు. వసారాలోకి తెచ్చి, ఎండ పడే చోట నిలబెట్టి, దుప్పటి చుట్టబోయారు.

పార్థసారథి చెయ్యి ఆగిపోయింది.

గది మసకలో కనపడనిది ఎండలో కనపడింది. డ్రైవరు నిలబడే చోట, రేకు నీడలో, నల్లటి మీద నల్లగా కలిసిపోయిన మొగిలి ముఖం మీద ఇంకో బొట్టు ఉంది. అదీ పసుపు లేని కుంకుమే, అదే తడివేలి ముద్ర. ఆయన గోటితో దాని అంచు మెల్లగా తాకి చూశాడు. రెండూ ఒకే చెయ్యి పెట్టినవి, ఒకేసారి పెట్టినవి.

మొగిలి బతికే ఉన్నాడు. కానీ బొట్టు పెట్టిన మనిషి ఆ రాత్రి అతను కూడా చచ్చిపోయాడనుకుంది. అలా అనుకోవాలంటే, ఇద్దర్నీ చంపేశానని నమ్మినవాడు ఆవిడకు ఆ మాట చెప్పివుండాలి. మొగిలి రామబ్రహ్మాన్ని కొట్టలేదు. ఇద్దర్నీ ఒకడే కొట్టాడు. ఒకణ్ణి క్వారీలో పడేశాడు, ఇంకొకణ్ణి రైలు గుద్దినట్టు కనపడాలని పట్టాల పక్కన పడేశాడు. ఆ రెండోవాడు చావలేదు. ఈ రెండు రోజులూ ఠాణా గదిలో ఉన్నాడు కాబట్టి హంతకుడికి అందలేదు.

ఆ గదిలోంచి అతన్ని బయటకు రప్పించింది తనే. పార్థసారథి దుప్పటి వదిలేసి లోపలికి నడిచాడు.

పుణ్యవతి వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంది. బక్కపలచటి మనిషి, అరవై దాటి ఉంటుంది. పొద్దున అడిగినప్పుడు ముందుగదిలోకి తాను అడుగే పెట్టలేదని చెప్పింది. పార్థసారథి ఆవిడ ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరు ఏదో అడగబోతే చేత్తో ఆపాడు.

"అమ్మా, మొగిలి కూడా పోయాడని మీకు ఎవరు చెప్పారు?"

ఆవిడ ఆయన వంక చూసింది. ఏడవలేదు. ఈ మూడు రోజులూ పళ్ళ బిగువున పట్టుకున్నది వదిలేసినట్టుగా భుజాలు కిందికి జారాయి.

"ఇద్దరికీ పెట్టాను బాబూ," అంది. "ఉద్యోగమంతా ఒకే ఇంజను మీద బతికారు. ఒకడికి పెట్టి ఒకణ్ణి ఎలా వదిలెయ్యను? శవాలు లేవు. గట్టిగా ఏడిస్తే పక్కింటికి వినపడుతుంది. చేతులు ఊరుకోలేదు."

తర్వాత సంగతి ఆవిడ తల దించుకునే చెప్పింది. శుక్రవారం రాత్రి తమ్ముడు పెరటి తలుపు తట్టాడు. బట్టలు తడిసి ఉన్నాయి. జీపు బోల్తా పడి ఇద్దరూ పోయారన్నాడు మొదట. జీపుకు గీత కూడా పడలేదేమని ఆవిడ అడిగింది. అప్పుడు కూలబడి, ఇద్దర్నీ తనే కొట్టి చంపానని నిజం చెప్పాడు. హఫీజ్‌పేట పొలంలో రామబ్రహ్మం, మొగిలి పక్కపక్కన రెండు ఇళ్ళు కట్టుకుందామనుకున్నారు. బుల్లిబాబు దాన్ని ప్లాట్లు వేసి అమ్ముదామన్నాడు. ఒకడు సంతకం పెట్టనంటే రెండోవాడూ పెట్టనన్నాడు. అక్క నోరెత్తితే తన మెడకు ఉరి పడుతుందని, పెంచిన చేతులతోనే చంపుకోమని ఏడ్చి, తెల్లారగట్ట వికారాబాదు పోయి, మధ్యాహ్నం బండికి అందరూ చూస్తుండగా దిగాడు. పొద్దున ఫిర్యాదు ఇమ్మని చెప్పింది కూడా వాడే.

"మొగిలి బతికాడని విన్నాను. బతికున్నవాడికి ఎంత పాపిష్టి పని చేశానా అని, తుడిచేద్దామని వెళ్తే గదికి మీ తాళం ఉంది. వాణ్ణి మీరు పట్టుకుపోయారని తెలిసి కూడా నోరు రాలేదు. నీలమ్మ గేటు దగ్గరే కూర్చుంది, నేను బయటకు రాలేదు. నా తమ్ముడు, బాబూ."

నరసింహమూర్తి అప్పటికే మోటారు సైకిలు దగ్గరకు పరుగెత్తాడు. సరిగ్గా అప్పుడే రాజయ్య సైకిలు తొక్కుకుంటూ గేటులోకి వచ్చాడు. ఠాణాలో ఎవరిదో సైకిలు అడిగి తెచ్చుకున్నాడు. పని సక్రమంగా చేసివచ్చినవాడి నిదానం అతని ముఖంలో ఉంది.

"ఇడిసిపెట్టినం సార్. మొగిలిని, నీలమ్మను జీపుల ఎక్కించుకున్నడు. తలకు కట్టు మార్పిస్త, దవాఖానకు పోతున్న అన్నడు."

"ఏ దారిన వెళ్ళాడు?"

రాజయ్య తడబడ్డాడు. ఆ సంగతి తనకూ అప్పుడే తట్టినట్టుంది. "పుప్పాలగూడ దిక్కు మలిపిండు సార్."

జీపు బయల్దేరి ఎంతసేపయిందో ఎవరూ అడగలేదు. పార్థసారథి తన స్కూటరు స్టాండు తీశాడు. ఇన్‌స్పెక్టరు మోటారు సైకిలు తిప్పుతూ రోడ్డు మీద జీపును పట్టుకోవడం కష్టమని, క్వారీలు అక్కడ పదిచోట్ల ఉన్నాయని, ఎక్కడని వెతకాలని అరుస్తున్నాడు.

పుణ్యవతి గుమ్మంలోంచి లేచి వచ్చింది. వీధిలో ఆడవాళ్ళు చూస్తుండగానే కొంగు నడుముకు చుట్టి, స్కూటరు వెనక సీటు ఎక్కింది. జన్మలో ఎప్పుడూ స్కూటరు ఎక్కని మనిషి, ఎక్కడ పట్టుకోవాలో తెలీక పార్థసారథి భుజం పట్టుకుంది.

"వాడు కంకర కొట్టించే చోటు నాకు తెలుసు. అడ్డదారి ఉంది, నేను చూపిస్తాను. నా గొంతు వింటే వాడు ఆగుతాడు."

"ఆగకపోతే అమ్మా?"

"అప్పుడు మీ ఇన్‌స్పెక్టరుగారి తుపాకీ ఉంది కదా," అంది పుణ్యవతి. "నడపండి బాబూ. జీపులో నీలమ్మ కూడా ఉంది."